దేవుడి ప్రమేయం లేకుండా ధర్మంగా, నిండుగా బతకడం ఎలా?

"దేవుణ్ణి నమ్మడం మానేశాను, ఇప్పుడేం చేయాలి?" అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు అడుగుతాడు, పాపకు బారసాల చేయాలో వద్దో తేల్చుకోలేని తల్లి అడుగుతుంది, తండ్రికి కర్మ చేయనన్నందుకు అన్నదమ్ములతో మాటలు పోయిన ఉద్యోగి అడుగుతాడు. వీరిలో వాదన కావలసినవారు ఒక్కరూ లేరు, ఎందుకంటే ఆ వాదన వారి మనసులో ఎప్పుడో పూర్తయింది. వారికి కావలసింది పద్ధతి. మతం మనిషికి నమ్మకం ఒక్కటే ఇవ్వదు. ఏ రోజు ఎవరింటికి వెళ్లాలో, ఎంత డబ్బు పక్కన పెట్టాలో, చావు జరిగిన ఇంట్లో ఎవరు ఏ పని అందుకోవాలో కూడా అదే చెబుతుంది. నమ్మకంతో పాటు ఈ ఏర్పాటంతా పోతుంది కాబట్టి, దాని చోట మరొకటి కుదుర్చుకోనివాడు ఏడాది తిరిగేసరికి ఎవరితోనూ పొసగని ఒంటరిగా మిగులుతాడు. ఇక్కడ చెప్పేది ఆ రెండో ఏర్పాటు గురించి.

మనుషుల కష్టసుఖాలకు మనుషులే బాధ్యులని, మంచిచెడ్డలను పుణ్యపాపాల లెక్కతో కాక ఎదుటివారికి జరిగే మేలుకీడులతో తేల్చాలని అనుకునేవారిని లౌకిక మానవవాదులు అంటారు. సిద్ధాంతం ఇంతకు మించి అవసరం లేదు.

కావలసినవి

- వంద పేజీల నోటుపుస్తకం. ఫోనులో రాసుకుంటే మీరొక్కరే చూస్తారు; ఇది ఇంట్లో ఇంకొకరు కూడా తెరిచి చూడగలిగేదై ఉండాలి.
- గోడ క్యాలెండరు. తిథులున్నదైనా ఫరవాలేదు, పౌర్ణమి తేదీలతో పని పడుతుంది.
- నెల ఆదాయంలో విడిగా తీసి ఉంచే కొంత మొత్తం.
- మీ తప్పును మీ మొహం మీదే చెప్పగలిగే మనిషి ఒకరు. ఈ మనిషి మీ అభిప్రాయాలతో ఏకీభవించకపోతే మరీ మంచిది.

1. బాకీల పేజీ రాయండి

నోటుపుస్తకం మొదటి పేజీలో మీరు దేన్ని నమ్మరో రాయకండి. ఎడమవైపు మనుషులను, కుడివైపు వారికి మీరు బాకీపడిన పనిని రాయండి. "నిజాయితీగా ఉంటాను", "అందరినీ సమానంగా చూస్తాను" వంటి వాక్యాలు ఈ పేజీలో పనికిరావు, ఎందుకంటే వాటిని తప్పినా తప్పినట్టు తెలియదు. "ఇంట్లో పనిచేసే ఆవిడకు ఒకటో తారీఖునే జీతం, నెలకు నాలుగు సెలవులు, సెలవులకు కోత లేదు" అన్నది పనికొచ్చే వాక్యం. "చెల్లెలి వాటా పొలం కాగితాలు ఈ సంక్రాంతిలోగా ఆమె పేరున", "అద్దెకు వచ్చినవారిని మీరేమిట్లు అని కులం అడగను" అన్నవి కూడా అలాంటివే.

మా ఇంట్లో వంటగది కిటికీ మీద ఒక స్టీలు గ్లాసు ఎప్పుడూ బోర్లించి ఉండేది. అంచు దగ్గర చిన్న సొట్ట, అడుగున ఎవరి పేరూ చెక్కని గ్లాసు. అది ఎవరి కోసమో ఇంట్లో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. కులనిర్మూలన మీద వక్తృత్వ పోటీల్లో నేను బహుమతులు తెచ్చుకున్న రోజుల్లో కూడా ఆ గ్లాసు అక్కడే ఉంది. నా పేజీలో మొదటి వాక్యం ఆ గ్లాసు గురించినదే. మీ ఇంట్లో కూడా అలాంటి వస్తువు ఒకటి ఉండే ఉంటుంది, ముందు దాన్ని వెతకండి.

సరిచూసుకోవడం: పేజీని, తప్పును మొహం మీదే చెప్పగలరని పైన అనుకున్న ఆ ఒక్క మనిషికి చూపించండి. ప్రతి వాక్యానికీ "ఇది జరిగిందో లేదో నేను చూసి చెప్పగలను" అని ఆ మనిషి అనగలగాలి. అనలేని వాక్యాన్ని కొట్టివేసి మళ్లీ రాయండి.

2. తేల్చుకోలేనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి

దీనివల్ల నష్టపోయేది ఎవరు? ఆ మనిషి చోట నేనుంటే ఒప్పుకుంటానా? చేశాక ఈ పనిని పదిమందిలో చెప్పగలనా? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాయండి, ఎందుకంటే మనసులో అనుకుంటే మన జవాబులు మనకు అనుకూలంగానే వస్తాయి. ఉదాహరణకు ఫ్లాటు కొంటున్నారనుకోండి. అమ్మేవారు సగం నగదుగా ఇవ్వమంటారు, రిజిస్ట్రేషను తక్కువ విలువకు చేద్దామంటారు, "అందరూ ఇంతే" అంటారు. మొదటి ప్రశ్నకు "ఎవరూ నష్టపోరు" అన్న జవాబు వెంటనే తడుతుంది, కానీ ఎగ్గొట్టిన పన్నుతో నడవాల్సిన ప్రభుత్వాసుపత్రికి మీరు వెళ్లరు గనుకనే అలా తట్టిందని రాసి చూసుకుంటేనే తెలుస్తుంది.

హెచ్చరిక: కట్నం, పెళ్లి లాంఛనాల విషయంలో "మేము అడగలేదు, వాళ్లే ఇచ్చారు" అన్న జవాబు మూడో ప్రశ్న దగ్గర నిలవదు.

3. ముడుపు మానకండి, చిరునామా మార్చండి

మొక్కు తీర్చడానికి మన పెద్దవాళ్లు పసుపు గుడ్డలో డబ్బు ముడుపు కట్టేవారు. ఎంత కష్టం వచ్చినా ఆ డబ్బు ముట్టేవారు కాదు. నమ్మకం పోయాక మనలో చాలామంది పసుపు గుడ్డతో పాటు ఆ క్రమశిక్షణ కూడా వదిలేసి, గుండె కరిగినప్పుడు మాత్రమే ఇస్తున్నారు. ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే చోటికి, చిన్న మొత్తమైనా సరే పంపండి. ఒక బడిలో ఒక విద్యార్థి ఫీజు కావచ్చు, ఊళ్లోని గ్రంథాలయానికి పత్రికల చందా కావచ్చు. ఏడాదికొకసారి అక్కడికి స్వయంగా వెళ్లి ఖర్చు చూసి రండి.

డబ్బు లేనివారికి రక్తదానం ఉంది. పద్దెనిమిది నుంచి అరవై అయిదేళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు కాబట్టి, తర్వాతి తేదీని ఇచ్చిన రోజే క్యాలెండరులో రాయండి. ఫొటో తీసుకోవాలనిపిస్తే తీసుకోండి గానీ, మీరు సాయం చేసిన మనిషి మొహం మాత్రం అందులో రానివ్వకండి.

4. కలుసుకునే తేదీ పెట్టుకోండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, తర్వాత బతుకు వెలితిగా ఉందని నాకు రాస్తారు. గోరాగా మనకు తెలిసిన గోపరాజు రామచంద్రరావు, సరస్వతి దంపతులు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించారు, 1947లో దాన్ని విజయవాడ పటమటకు మార్చారు. వారు ఉపన్యాసాలతో సరిపెట్టుకోలేదు. పౌర్ణమి రాత్రుల్లో అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టించారు. పౌర్ణమి ఎందుకంటే, కరెంటు లేని ఊళ్లో నలుగురూ కలిసి తినడానికి వెన్నెలకు మించిన దీపం లేదు. పైగా తేదీ ఎవరూ మరిచిపోరు.

మీరు కూడా నెలకొక తేదీ పెట్టుకోండి. నాలుగు ఇళ్లవాళ్లు చాలు, ఎవరింటి వంట వారు తెచ్చి కలిపి తినవచ్చు. రెండు నియమాలు మాత్రం తప్పనిసరి: నాలుగు ఇళ్లూ ఒకే కులం కాకూడదు, దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఆ రాత్రి చర్చకు రాకూడదు. పండగల మాటకొస్తే, ఉగాది పచ్చడిని గానీ బతుకమ్మ పాటను గానీ వదులుకోవాలని ఏ మానవవాదమూ చెప్పదు. బతుకమ్మ పేరుస్తున్న పిల్ల పక్కన కూర్చుని తంగేడు పూలు అందించడానికి నమ్మకంతో పని లేదు. ఒకరిని బయట నిలబెట్టే చోటుకు మాత్రం వెళ్లకండి.

ప్రత్యామ్నాయం: విదేశాల్లోనో కొత్త ఊళ్లోనో ఒంటరిగా ఉంటే, వారానికొక పూట ఒకే చోట, ఒకే పనికి వెళ్లండి. తెలుగు బడిలో పిల్లలకు గుణింతాలు నేర్పడం నాకు తెలిసినవారిలో చాలామందికి కుదిరిన పని.

5. ఇంట్లో నమ్మేవారితో గీత ఎక్కడ గీయాలో ముందే తేల్చుకోండి

అమ్మ దీపం పెడుతుంది, నూనె సీసా పైఅరలో ఉంది, ఆమె మోకాళ్లు నొప్పులు. సీసా దించి ఇవ్వాలా? ఇలాంటి ప్రశ్నను ఒకాయన నిజంగానే నన్ను అడిగారు. దించి ఇవ్వండి, కావాలంటే రేపటి నుంచి కింది అరలో పెట్టండి. ఆమె పూజ వల్ల నష్టపోయేది ఎవరూ లేరు. ఆ దీపం ఆర్పించడం వల్ల బాగుపడేవారు కూడా ఎవరూ లేరు. సత్యనారాయణ వ్రతం పీటల మీద కూర్చోమంటే కూర్చోలేనని మర్యాదగా చెప్పి, వచ్చినవారికి వడ్డించే పని అందుకోండి. వడ్డించేవాడితో ఎవరూ గొడవ పెట్టుకోరు.

గీత మరోచోట ఉంది. జ్వరంతో ఉన్న పిల్లను ఆసుపత్రికి కాక భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళుతున్నప్పుడు, బాణామతి చేసిందని ఒక ముసలామె మీద ఊరు అనుమానపడుతున్నప్పుడు, శాంతి హోమానికని అప్పు చేస్తున్నప్పుడు, జాతకం కుదరలేదని ఒక అమ్మాయి పెళ్లి ఆపుతున్నప్పుడు మాట్లాడకుండా ఊరుకోవడం మర్యాద కాదు. అప్పుడు కూడా ముందు చేయాల్సింది వాదన కాదు. ఆటో పిలిచి పిల్లను ఆసుపత్రికి చేర్చండి, ముసలామె ఇంటి ముందు మీరు వెళ్లి కూర్చోండి, అవసరమైతే పోలీసులకు ఫోను చేయండి. సరస్వతీ గోరా గర్భవతిగా ఉండగా గ్రహణం వేళ అందరి ముందూ ఆరుబయటికి వచ్చి నిలబడ్డారు. అక్కడ ఆవిడ ఒడ్డింది తన శరీరాన్ని. పక్కింటి గర్భవతిని బలవంతాన బయటికి లాగి ఉంటే దానికి ఆ విలువ ఉండేది కాదు.

6. పిల్లల పేరు, పెళ్లి

పేరు పెట్టడం తేలిక. గోరా దంపతులు ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకుకు లవణం అని, రెండో ప్రపంచయుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుకుకు సమరం అని, తొమ్మిదో సంతానానికి నౌ (హిందీలో తొమ్మిది) అని పేర్లు పెట్టారు. కులమూ మతమూ పట్టివ్వని పేరు కావాలనుకుంటే మార్గాలు చాలానే ఉన్నాయి. జనన ధ్రువపత్రంలో కులం, మతం లేవని నమోదు చేసుకునే వీలు కల్పించాలని తెలంగాణ హైకోర్టు 2023లో తీర్పు చెప్పింది.

హెచ్చరిక: షెడ్యూల్డు కులాల కుటుంబాలు ఈ పని చేసే ముందు తప్పనిసరిగా న్యాయవాదిని అడగాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే వర్తిస్తుంది కాబట్టి, మతం లేదన్న నమోదు రేపు పిల్లల రిజర్వేషనుకు చిక్కు తెచ్చిపెట్టవచ్చు. ఎవరి ఆదర్శం కోసమో వారి హక్కు పోకూడదు.

పెళ్లి దగ్గర ఎక్కువ మంది పొరపడతారు. తెనాలి ప్రాంతంలో కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి సంస్కృత మంత్రాలకు బదులు అందరికీ అర్థమయ్యే తెలుగులో వివాహ విధానం రాసి, స్వయంగా పెళ్లిళ్లు జరిపించారు. ఆ తరం నుంచి దండల పెళ్లిళ్లు, స్టేజీ పెళ్లిళ్లు మనకు అలవాటే. కానీ స్టేజీ మీద దండలు మార్చుకున్నంత మాత్రాన చట్టం దృష్టిలో పెళ్లి రుజువు కాదు. తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టాన్ని సవరించి పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు గుర్తింపు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి సవరణ లేదు. అందుకని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు చేయించుకోండి. ఆ క్రమం ఇది: అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి, ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి, 30 రోజులు ఆగాలి, అభ్యంతరాలు లేకపోతే ముగ్గురు సాక్షులతో వెళ్లి సంతకాలు చేయాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే అది చెల్లదు, మళ్లీ మొదటికి రావాలి.

కాబట్టి హాలు బుక్ చేసే ముందు నోటీసు ఇవ్వండి. శుభలేఖలు పంచేశాక నోటీసు గుర్తొచ్చి పరుగులు పెట్టిన జంటలను నేను మూడింటిని చూశాను. ఇంకో జాగ్రత్త: నోటీసు కార్యాలయంలో అందరికీ కనిపించేలా అతికిస్తారు. ఇంటివారి నుంచి ప్రాణభయం ఉన్న జంట ముందుగా న్యాయవాదిని కలిసి రక్షణ ఏర్పాటు చూసుకోవాలి.

7. చావుకు ముందే సిద్ధపడండి

మిగతావన్నీ ఆలస్యమైనా సర్దుకోవచ్చు గానీ, ఈ మెట్టులో గంటలు లెక్క.

ముందుగా చేయాల్సినవి. నేత్రదానం, దేహదానం ప్రతిజ్ఞ పత్రాలు నింపి, ఒక ప్రతి ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. వీలునామాలో రాశాను కదా అని నిశ్చింతగా ఉండకండి, వీలునామా బయటికి తీసేసరికి అన్నీ అయిపోతాయి. మీరు ఎంత గట్టిగా రాసినా, ఆ పూట దగ్గరివాళ్లు ఒప్పుకోకపోతే ఏ వైద్య కళాశాలా మీ శరీరాన్ని తీసుకెళ్లదు. అందుకే సంతకం కన్నా మీ భార్యతో, పిల్లలతో, అన్నదమ్ములతో ఒకసారి కూర్చుని మాట్లాడటం ముఖ్యం. వైద్య కళాశాల అనాటమీ విభాగానికి ముందే ఫోను చేసి, ఆదివారాల్లో, రాత్రివేళ తీసుకుంటారో లేదో, వాహనం వారిదో మీదో, ఏ కాగితాలు కావాలో అడిగి రాసుకోండి.

ఆ పూట చేయాల్సినవి. డాక్టరు ధ్రువీకరించగానే నేత్రనిధికి ఫోను చేయండి, ఆరు గంటల లోపు కళ్లు సేకరించాలి. ఈలోగా రెప్పలు మూసి వాటిపై తడి దూది ఉంచండి, తల కింద దిండు పెట్టండి, ఫ్యాను ఆపేయండి. ఇళ్లలో సరిగ్గా దీనికి విరుద్ధంగా జరుగుతుంది: శవం దగ్గర ఉక్కగా ఉందని ఫ్యాను పెద్దది చేస్తారు, కళ్లు ఎండిపోతాయి. కళ్లు తీసుకోవడం అరగంట పని, మొహం వికారం కాదు. దేహదానానికి మరణ ధ్రువపత్రం, గుర్తింపు కార్డు, దగ్గరి బంధువు అంగీకారం సిద్ధం చేయండి. ప్రమాదం, ఆత్మహత్య వంటి పోలీసు కేసులున్న శరీరాలను, కొన్ని అంటువ్యాధులున్నవారి శరీరాలను తీసుకోరు. అప్పుడు మంత్రాలు లేకుండా విద్యుత్ దహనవాటికలోనో మీ ఊరి శ్మశానంలోనో అంత్యక్రియలు చేయండి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించడం మరవకండి. అవయవదానం వేరే విషయం: అది ఆసుపత్రిలో మెదడు పనిచేయడం ఆగిపోయిందని వైద్యులు నిర్ధారించినప్పుడు, ఇంటివాళ్ల అంగీకారంతో జరుగుతుంది, మన రాష్ట్రాల్లో దాన్ని ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ చూస్తుంది.

తర్వాత చేయాల్సినవి. పెద్దకర్మ వద్దనుకున్నవారు సంస్మరణ సభ పెడతారు. మా నాన్న సభను నేను పాడుచేసిన తీరు చెబుతాను, మీరు అలా చేయకండి. రెండున్నర గంటలు ఎనిమిది మంది వక్తలు మూఢనమ్మకాల మీదా దేశ రాజకీయాల మీదా మాట్లాడారు. నాన్న ఎలా నవ్వేవాడో ఒక్కరూ చెప్పలేదు. యాభై రెండేళ్లు ఆయనతో బతికిన అమ్మ మూడో వరుసలో గోడ పక్క కుర్చీలో కూర్చుంది, ఆమెను మాట్లాడమని నేను అడగలేదు. అంతకు ముందు ఆమె నన్ను ఒకటే కోరింది, కాకికి ముద్ద పెడదామని. కుదరదన్నాను. మర్నాడు పొద్దున్నే ఆమె ఒక్కతే మేడెక్కి, పిట్టగోడ మీద అరిటాకు ముక్కలో అన్నం పెట్టి, ఆకు ఎగిరిపోకుండా అంచున చిన్న రాయి ఉంచి దూరంగా నిలబడింది. నన్ను చూసి ఏమీ అనలేదు. ఆ ముద్ద వల్ల ఎవరికీ నష్టం లేదని, రెండో మెట్టులోని మొదటి ప్రశ్న నేను వేసుకోలేదని చాలా రోజులకు గానీ నాకు అర్థం కాలేదు.

కాబట్టి సభ గంటకు మించకుండా చూడండి. మొదటి మాట ఇంటివారిది కావాలి. వక్తలకు ఒకటే నియమం పెట్టండి: పోయిన మనిషితో తాము గడిపిన ఒక్క సంఘటన చెప్పాలి. ఆ మనిషి వాడిన వస్తువులు నాలుగు బల్లమీద పెట్టండి, కళ్లజోడు, డైరీ, రేడియో, ఏవైనా సరే. వచ్చినవారికి భోజనం పెట్టి పంపండి. పదకొండో రోజుతో ఇంటికి మనుషుల రాక ఆగిపోతుంది గనుక, మూడో నెలలో ఒకసారి, ఏడాదికి ఒకసారి ఆ ఇంటికి వెళ్లేవారి పేర్లు ఆ రోజే క్యాలెండరులో రాయండి. "ఎక్కడికి వెళ్లిపోయాడు?" అని అర్ధరాత్రి అడిగే మనిషికి మన దగ్గర జవాబు లేదు. పక్కన ఒకరు మేలుకుని ఉండాలి, అంతే.

తరచుగా జరిగే తప్పులు

అన్నింటికన్నా పెద్ద తప్పు వెటకారం. తిరుపతి నుంచి వచ్చి లడ్డూ ప్రసాదం చేతిలో పెట్టిన పక్కింటి పెద్దాయనకు ఉపన్యాసం ఇచ్చేవాడు, అదే పెద్దాయన పింఛను కాగితాల కోసం తిరుగుతున్నప్పుడు తోడు వెళ్లడు. రెండోది, దేవుణ్ణి వదిలి కులాన్ని ఉంచుకోవడం: హేతువాది ఇంట్లో కూడా పెళ్లి సంబంధం సొంత కులంలోనే కుదిరితే, ఆ ఇంట్లో నిజంగా మారింది ఏమీ లేదు. మూడోది, రాహుకాలాన్ని కొట్టిపారేస్తూ వాట్సాప్‌లో వచ్చిన మూలికా వైద్యాన్ని నమ్మడం. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవవాదాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంపొందించుకోవడం పౌరుడి విధి అని 1976 నాటి సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 51ఎ అధికరణం చెబుతోంది; ఆ ప్రశ్న మన సొంత నమ్మకాలకు కూడా వర్తిస్తుంది. కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు దేవుడి పేరున ప్రమాణం చేయాల్సి వస్తుందేమోనని బెంగపడి రాసేవారున్నారు. ఆ బెంగ అక్కర్లేదు, 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు లేకుండా నిజం చెబుతానని దృఢంగా ప్రకటించవచ్చు.

ఏడాది చివర సరిచూసుకోవడం

డిసెంబరు ఆఖరి వారంలో నోటుపుస్తకం తెరిచి మొదటి పేజీలోని ప్రతి వాక్యం పక్కన జరిగింది, జరగలేదు అని రాయండి. మూడో మాట లేదు. తర్వాత పుస్తకాన్ని ఆ ఒక్క మనిషి చేతికిచ్చి, మీరు రాసినవాటిలో ఏది అబద్ధమో గుర్తుపెట్టమనండి. నా పుస్తకంలో మొదటి ఏడాది మూడు చోట్ల గుర్తులు పడ్డాయి, వాటిలో ఒకటి ఆ గ్లాసు పక్కనే: గ్లాసును కిటికీ మీద నుంచి తీసి అటక మీద దాచానే తప్ప, ఇంట్లో పనిచేసే ఆవిడకు టీ ఇచ్చేది ఇంకా పేపరు కప్పులోనే. జరగని వాక్యాలున్న పేజీని చింపకండి. దానికి తేదీ వేసి, కొత్త ఏడాది పేజీని దానికి ఎదురుగా రాయండి.